రెండున్నర సెకన్ల చిక్కుముడి: కాలేజీ క్వార్టర్‌బ్యాక్‌ని ఎలా అంచనా వేస్తారు?

2016 అక్టోబర్ 22, శనివారం రాత్రి. పశ్చిమ టెక్సాస్‌లోని లబ్బక్. మన పిల్లలు ఎంఎస్‌కి వెళ్ళే టెక్సాస్ టెక్ యూనివర్సిటీ ఉన్న ఊరు. ఓక్లహోమా యూనివర్సిటీతో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతోంది. టెక్సాస్ టెక్ క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టు ఆటను నడిపిస్తూ బంతి విసిరేవాడు, ఆ ఒక్క రాత్రే 88 సార్లు బంతి విసిరాడు. అందులో 52 సార్లు తన జట్టువాళ్ళ చేతుల్లో పడింది. విసిరి సంపాదించినవి 734 గజాలు, తను పరిగెత్తినవి కూడా కలిపితే 819. అమెరికా యార్డు అంటే మన గజమే, ప్లాట్లు కొనేటప్పుడు లెక్కపెట్టే గజమే. ఇంతా చేసి మ్యాచ్ 66-59తో ఓడిపోయాడు. అవతలి క్వార్టర్‌బ్యాక్ 545 గజాలు, 7 టచ్‌డౌన్లు (బంతిని ఎదుటివాళ్ళ చివరి గీత దాటించడం) విసిరి గెలిచి వెళ్ళాడు. ఆ అవతలివాడు కూడా ఒకప్పుడు ఇదే టెక్సాస్ టెక్‌లో ఆడి, వదిలేసి వెళ్ళినవాడే.

గెలిచినవాడు బేకర్ మేఫీల్డ్. ఓడినవాడు పాట్రిక్ మహోమ్స్.

ఇప్పుడు మీరు ఒక ప్రొఫెషనల్ జట్టు తరఫున ఈ మ్యాచ్ చూడ్డానికి వచ్చిన స్కౌట్ అనుకోండి. రిపోర్టులో ఏం రాస్తారు? కళ్ళు చెదిరే అంకెలు ఉన్నాయి. కానీ టెక్సాస్ టెక్‌లో అంకెలకు విలువ తక్కువ. అక్కడ చాలా ఏళ్ళుగా నడుస్తున్నది 'ఎయిర్ రెయిడ్' అనే పద్ధతి. రిసీవర్లను, అంటే విసిరిన బంతి పట్టేవాళ్ళను, మైదానం అంతా పరిచి, వీలైనన్నిసార్లు బంతి విసరడం. ఆ పద్ధతిలో ఎవర్ని నిలబెట్టినా గజాలు వచ్చిపడతాయని పేరు. 2003లో ఇదే జట్టుకు బి.జె. సైమన్స్ ఒక్క సీజన్లో 5,833 గజాలు విసిరాడు. అప్పటికి అది కాలేజీ రికార్డు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ కుర్రాళ్ళను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అతన్ని ఏడో రౌండులో, అంటే చిట్టచివరి రౌండులో తీసుకున్నారు. అక్కడ నిలదొక్కుకోలేకపోయాడు. ఆ తర్వాత వచ్చిన గ్రేయమ్ హారెల్ అంతకు తీసిపోని అంకెలు వేశాడు, అతన్ని డ్రాఫ్ట్‌లో అసలు ఎవరూ తీసుకోలేదు. కాబట్టి మహోమ్స్ గజాలు చూసి స్కౌట్లు పెదవి విరిచారంటే అది మూర్ఖత్వం కాదు, అనుభవం.

ఆ అనుభవమే వాళ్ళ కొంప ముంచింది. 2017 డ్రాఫ్ట్‌లో మహోమ్స్ పదో స్థానం దాకా మిగిలాడు. 2018లో 50 టచ్‌డౌన్లు విసిరి లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. తర్వాత మూడు సూపర్ బౌల్స్, అంటే లీగ్ ఫైనల్స్, గెలిచాడు.

ఈ లెక్క ఎందుకు ఇంతగా తప్పుతుంది? ప్రతి జట్టుకూ పదుల మంది స్కౌట్లున్నారు, కోచ్‌లున్నారు, ఇప్పుడైతే డేటా సైంటిస్టులు కూడా ఉన్నారు. అయినా మొదటి రౌండులో తీసుకున్న క్వార్టర్‌బ్యాకులు నాలుగైదేళ్ళలో ఇంకో జట్టు బెంచీ మీద కనబడటం మామూలే. నాకు అర్థమైనంతలో చిక్కంతా ఇక్కడుంది: కాలేజీలో కొలవడానికి వీలయ్యేవి ప్రోలో పెద్దగా పనికిరావు, ప్రోలో పనికొచ్చేది చూపించే అవసరం చాలామందికి కాలేజీలో రాదు.

తొందర ఎందుకంటే

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లు. ఏటా ఏప్రిల్ నెలాఖరులో డ్రాఫ్ట్. ముందటి ఏడాది అందరికంటే వెనకబడిన జట్టు మొదట ఎంచుకుంటుంది. ఏడు రౌండ్లు, మొత్తం 250 మందికి పైగా కుర్రాళ్ళు.

డబ్బు లెక్క 2011లో మారింది. అంతకుముందు ఏడాది మొదటి స్థానంలో వచ్చిన శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఒక్క మ్యాచ్ ఆడకముందే 5 కోట్ల డాలర్లు గ్యారంటీ రాసిచ్చారు. 2011 ఒప్పందం తర్వాత అదే స్థానంలో వచ్చిన కామ్ న్యూటన్‌కి నాలుగేళ్ళకు కలిపి 2.2 కోట్లు. మరోవైపు నిలదొక్కుకున్న క్వార్టర్‌బ్యాక్ ధర పెరుగుతూ పోయి, 2024లో డాక్ ప్రెస్కాట్ దగ్గర ఏడాదికి 6 కోట్ల డాలర్లకు చేరింది. అంటే డ్రాఫ్ట్‌లో మంచి క్వార్టర్‌బ్యాక్ దొరికితే నాలుగేళ్ళపాటు చవకలో పని జరిగిపోతుంది, మిగిలిన డబ్బుతో చుట్టూ మంచి జట్టు కట్టుకోవచ్చు. తప్పితే పోయేది కూడా తక్కువే అనిపిస్తుంది. అందుకే 2024 డ్రాఫ్ట్‌లో మొదటి 12 మందిలో ఆరుగురు క్వార్టర్‌బ్యాకులే. వాళ్ళలో ఆరుగురికీ ఆ అర్హత ఉందని ఆ జట్లు కూడా మనసులో నమ్మి ఉండవు.

ఆ రెండున్నర సెకన్లు

క్వార్టర్‌బ్యాక్ పని అంటే గట్టిగా, దూరంగా విసరడం అని బయటినుంచి అనిపిస్తుంది. దగ్గరినుంచి చూస్తే ఆ విసరడం చివరి పదోవంతు మాత్రమే.

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక మూడో డౌన్, అంటే పది గజాలు ముందుకెళ్ళడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది, తీసుకుందాం. ఇంకా 8 గజాలు కావాలి. హెల్మెట్‌లోని చిన్న స్పీకర్లో కోచ్ గొంతు వినబడుతుంది. ఆట మొదలుపెట్టాల్సిన గడియారం మీద 15 సెకన్లు మిగిలినప్పుడు ఆ గొంతు ఆగిపోతుంది. ఆ తర్వాత అంతా కుర్రాడిదే. కోచ్ చెప్పిన పిలుపును గుంపుగా చేరిన పదిమందికీ తప్పు లేకుండా అప్పజెప్పాలి. ఈ పిలుపులు మంత్రాల్లా ఉంటాయి. బాగా పేరుపడ్డ ఒక చిన్నది చూడండి: 'స్పైడర్ 2 వై బనానా'. 'స్పైడర్ 2' అంటే ముందు వరసవాళ్ళు క్వార్టర్‌బ్యాక్‌కి ఎలా కాపు కాయాలో చెప్పే మాట. 'వై' అంటే టైట్ ఎండ్ అనే ఆటగాడు. 'బనానా' అంటే అతను అరటిపండులా వంపు తిరిగి పరిగెత్తాలని. ఇది చిన్నపిల్లల పద్యం లాంటిది. అసలువి దీనికి మూడు నాలుగింతలు ఉంటాయి, పైగా 'ఎదుటివాళ్ళు ఫలానాలా నిలబడితే ఇది కాదు, అది' అని లోపల ఇంకో పిలుపు దాగి ఉంటుంది.

లైను దగ్గరికి వస్తాడు. వెనక కాపలా ఉన్న సేఫ్టీలు ఇద్దరా, ఒక్కడా? ఎవడు మీద పడేలా ఉన్నాడు? తన వరసకు వేలు చూపించి సర్దుతాడు. బంతి చేతికొస్తుంది. ఐదడుగులు వెనక్కి వేసేలోపు ఇద్దరనుకున్న సేఫ్టీల్లో ఒకడు ముందుకు దూకేశాడు, అంటే ఇందాక చూపించిందంతా నాటకం. మొదటి రిసీవర్‌ని కప్పేశారు. చూపు రెండోవాడి మీదికి. ఎడమ పక్కనుంచి 120 కిలోలవాడు లోపలికి దూసుకొస్తున్నాడు, అటు చూడకూడదు, చూస్తే అయిపోయింది. అర అడుగు ముందుకు జరిగి, రెండోవాడు ఇంకా వెనక్కి తిరగకముందే, వాడు ఉండబోయే చోటికి విసరాలి. మొత్తం రెండున్నర సెకన్లు. అరసెకను అటూ ఇటూ.

కాలేజీలో ఇందులో సగం పని కోచ్‌దే. చాలా జట్లు గుంపుగా చేరవు. గబగబా లైను దగ్గర నిలబడి, బయట గట్టు మీద ఎత్తి పట్టుకున్న బొమ్మల బోర్డులో సంకేతం చూస్తారు. ఎదుటివాళ్ళు ఎలా నిలబడ్డారో కోచ్ చూసి ఆట మారుస్తాడు, కుర్రాడు మళ్ళీ తలెత్తి చూసుకుంటాడు. హెల్మెట్ రేడియోను పెద్ద డివిజన్ కాలేజీలకు అనుమతించిందే 2024లో.

నియమాలు కూడా వేరు. 'ఆర్‌పీఓ' అనే ఆట ఉంది. బంతి పట్టుకుని పరిగెత్తేవాడికి ఇవ్వాలా, విసరాలా అన్నది ఎదుటి ఒక్క డిఫెండర్‌ని చూసి అప్పటికప్పుడు తేల్చుకోవడం. వాడు ముందుకొస్తే వాడి వెనక ఖాళీలోకి విసిరేస్తే సరి. కాలేజీలో ముందు వరసవాళ్ళు మూడు గజాలు ముందుకు వెళ్ళినా తప్పు లేదు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజమే. రెండు గజాల తేడా కాగితం మీద ఏముంది అనిపిస్తుంది. ఆ తేడా వల్లే కాలేజీ డిఫెండర్‌కి ఇది పరుగో, విసురో తేలేసరికి ఆలస్యమైపోతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన తేడా గడ్డి మీద కనబడుతుంది. మైదానం వెడల్పు రెండు చోట్లా 160 అడుగులే. ఆట ఎక్కడినుంచి మొదలుకావాలో చెప్పే గీతలు, హ్యాష్ మార్కులు, మాత్రం వేరు. కాలేజీలో వాటి మధ్య దూరం 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. కాలేజీలో బంతి ఒక గీత మీదున్నప్పుడు ఒక పక్క 60 అడుగులు, రెండో పక్క 100 అడుగులు. ఆ వెడల్పు పక్కను కాయడానికి డిఫెన్స్‌ని సాగదీయాల్సిందే, సాగదీస్తే ఎవరెక్కడున్నారో తెలిసిపోతుంది. మంచి కోచ్ అయితే క్వార్టర్‌బ్యాక్‌కి 'సగం మైదానం చూడు చాలు' అంటాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో బంతి ఎప్పుడూ దాదాపు నడిమధ్యే, కాబట్టి డిఫెన్స్ చివరిక్షణం దాకా ముఖం దాచుకోగలదు. కాలేజీలో ఖాళీగా ఉన్న రిసీవర్ అంటే చుట్టూ ఎవరూ లేనివాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మూరెడు సందు దొరికితే దాన్నే ఖాళీ అంటారు.

కాబట్టి టేప్ చూసేటప్పుడు స్కౌట్ మొదట వేసుకోవాల్సిన ప్రశ్న 'బాగా ఆడాడా' అన్నది కాదు. 'వీణ్ణి ఏం చెయ్యమన్నారు?' అన్నది. చెయ్యమని చెప్పనిదాన్ని చెయ్యలేదని తీసెయ్యకూడదు, చెయ్యగలడని ఊహించి కోట్లు పెట్టకూడదు. ఈ రెండిటి మధ్య సన్నటి గట్టు మీద నడవడమే ఈ ఉద్యోగం.

అంకెలు ఎక్కడ పనికొస్తాయి, ఎక్కడ రావు

న్యూయార్క్ జెయింట్స్‌కి రెండు సూపర్ బౌల్స్ గెలిపించిన కోచ్ బిల్ పార్సెల్స్ పేరు మీద ఒక పాత జాబితా తిరుగుతుంటుంది. క్వార్టర్‌బ్యాక్ కాలేజీ చివరి సంవత్సరం దాకా ఉండాలి, డిగ్రీ పూర్తిచేయాలి, మూడేళ్ళు ప్రధాన ఆటగాడిగా ఆడాలి, కనీసం 23 మ్యాచులు గెలవాలి. వినడానికి సంబంధం చూసే పెద్దమనిషి షరతుల్లా ఉన్నా లోపల తెలివుంది. ఎక్కువ ఆడినవాడి గురించి ఎక్కువ తెలుస్తుంది. 1999లో మూడో స్థానంలో వచ్చిన అకీలీ స్మిత్ కాలేజీలో ప్రధాన ఆటగాడిగా దిగినవి 11 మ్యాచులే. 2017లో మహోమ్స్‌ని కాదని షికాగో రెండో స్థానంలో తీసుకున్న మిచెల్ ట్రుబిస్కీవి 13. ఇద్దరూ తేలిపోయారు. కానీ మహోమ్స్ కూడా ఈ నాలుగు షరతుల్లో ఒక్కదానికీ నిలవడు.

పైగా ఈమధ్య ఆ జాబితాకే అర్థం మారింది. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్ళు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు, సులువుగా కాలేజీ మారొచ్చు. దాంతో కుర్రాళ్ళు ఐదారేళ్ళు అక్కడే ఉంటున్నారు. 2024 డ్రాఫ్ట్‌లో వచ్చిన జేడెన్ డేనియల్స్ రెండు కాలేజీల్లో కలిపి 55 మ్యాచుల్లో, బో నిక్స్ 61 మ్యాచుల్లో ప్రధాన ఆటగాళ్ళుగా దిగారు. అనుభవం మంచిదే. కానీ 23 ఏళ్ళవాడు 19 ఏళ్ళ పిల్లల మీద చెలరేగితే అందులో ప్రతిభ ఎంత, వయసు ఎంత?

ఇక అందరూ చూసే అంకె, విసిరినవాటిలో ఎన్ని పట్టుకున్నారన్న శాతం. 60కి తక్కువైతే దూరం పెట్టాలని పాత లెక్క. వయోమింగ్ యూనివర్సిటీలో జోష్ ఆలెన్ శాతం 56. 2018లో బఫలో జట్టు అతన్ని ఏడో స్థానంలో తీసుకుంది. ఆ రాత్రి నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. మొదటి ఏడాది 52.8 శాతం చూసి ఇంకాస్త నవ్వాను. రెండో ఏడాది 58.8. మూడో ఏడాది 69.2. 2024లో లీగ్ మొత్తానికీ అత్యుత్తమ ఆటగాడు. గురి అనేది పుట్టుకతో రావాలే తప్ప నేర్పిస్తే రాదని ఈ రంగంలో పెద్దలు దశాబ్దాలుగా చెప్పిన మాటను ఒక్క మనిషి తిరగరాశాడు. అయితే అప్పటినుంచి గట్టి చెయ్యి, వంకర గురి ఉన్న ప్రతి కుర్రాణ్ణీ 'ఇంకో ఆలెన్' అని అమ్మజూపుతున్నారు. మినహాయింపును చూపించి బేరం పెట్టడం ఇది. ఇలాంటి బేరంలో ఇంకో ఆలెన్ ఇప్పటిదాకా దొరకలేదు.

ఎక్కువ శాతం ఉన్నా నమ్మకం లేదు. జో బరో 2018లో ఎల్‌ఎస్‌యూలో (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) 57.8 శాతం, 16 టచ్‌డౌన్లు. మరుసటి ఏడాది అదే కుర్రాడు 76.3 శాతం, 60 టచ్‌డౌన్లు, జట్టు 15కి 15 గెలిచింది. మధ్యలో న్యూ ఆర్లీన్స్ ప్రో జట్టునుంచి జో బ్రేడీ అనే కుర్ర కోచ్ వచ్చి విసిరే పద్ధతంతా మార్చాడు. అటుపక్క పట్టేవాళ్ళు జమార్ చేజ్, జస్టిన్ జెఫర్సన్. ఇంతకీ మెరుగైంది బరోనా, చుట్టూ ఉన్నవాళ్ళా? మరుసటి ఏడాది అలబామాలో మాక్ జోన్స్ 77 శాతం దాటించాడు. అతని రిసీవర్ డెవాంటా స్మిత్‌కి ఆ ఏడాది కాలేజీ అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీయే వచ్చింది. కాగితం మీద ఇద్దరిదీ ఒకే కథ. బరో సిన్సినాటీ జట్టును రెండో ఏడాదే సూపర్ బౌల్‌కి తీసుకెళ్ళాడు. జోన్స్‌ని మూడేళ్ళకే న్యూ ఇంగ్లండ్ ఒక ఆరో రౌండు ఎంపికకు ఇచ్చి పంపేసింది. టేపులు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్క తేడా కనబడేది. కాపు చెదిరిపోయాక బరో కళ్ళు ఇంకా దూరంగానే చూసేవి.

ఇలా చూస్తే కాలేజీ నుంచి ప్రోకి నిజంగా వెంట వచ్చే అంకె ఒకటుంది: ఒత్తిడి వచ్చినప్పుడు ఎన్నిసార్లు బంతితో సహా కిందపడ్డాడు అన్నది. దీన్ని శాక్ అంటారు. చూసేవాళ్ళకి శాక్ అంటే ముందు వరసవాళ్ళ తప్పు. విశ్లేషకులు తవ్వి చూస్తే అందులో చాలావరకు క్వార్టర్‌బ్యాక్ అలవాటే అని తేలింది. బంతి పట్టుకుని ఇంకో క్షణం, ఇంకో క్షణం అని వేచిచూసేవాడు కాలేజీలోనూ పడతాడు, ప్రోలోనూ పడతాడు. 2024లో మొదటి స్థానంలో వచ్చిన కేలెబ్ విలియమ్స్ మొదటి సీజన్లో 68 సార్లు పడ్డాడు. లైను కూడా అంతంతమాత్రమే, నిజమే. కానీ కాలేజీలోనూ బంతిని పట్టుకు తిరగడమే అతని అందం, అతని రోగం.

పెళ్ళిచూపులు

సీజన్ అయిపోయాక, డ్రాఫ్ట్‌కి ముందు రెండు నెలలు జరిగేదాన్ని నేను పెళ్ళిచూపులంటాను. ఫిబ్రవరి నెలాఖరులో ఇండియానాపొలిస్‌లో కాంబైన్. ఎత్తు, బరువు, అరచెయ్యి కొలుస్తారు. 40 గజాలు పరిగెత్తిస్తారు. పెళ్ళిచూపుల్లో పాట పాడించినట్టే. పాట బాగుంటే సంతోషమే, కాపురానికీ దానికీ సంబంధం వెతక్కూడదు. టామ్ బ్రేడీ ఆ 40 గజాలు పరిగెత్తడానికి 5.28 సెకన్లు తీసుకున్నాడు. 2000 డ్రాఫ్ట్‌లో 199వ స్థానం, అతనికంటే ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాకులు అమ్ముడుపోయారు. ఏడు సూపర్ బౌల్స్ గెలిచాడు. జో బరో అరచెయ్యి 9 అంగుళాలే వచ్చిందని గోల జరిగితే, ఇంత చిన్న చేతుల్లోంచి బంతి జారిపోతుందట, రిటైరైపోదామనుకుంటున్నానని అతనే ట్విట్టర్లో వెటకారం చేశాడు. ఎత్తు విషయం కొంచెం వేరు. ఆరడుగులు లేకపోయినా రస్సెల్ విల్సన్ సూపర్ బౌల్ గెలిచాడు. కానీ అలాంటివాళ్ళు లేచి నిలబడాలంటే కాళ్ళూ, చూపూ మామూలుకంటే చాలా చురుగ్గా ఉండాలి. ఎత్తు తక్కువైతే పనికిరాడని కాదు, మిగతావాటిలో తప్పుచేసే వెసులుబాటు ఉండదు.

తర్వాత ప్రో డే. కుర్రాడు తన కాలేజీలోనే, తన రిసీవర్లకే, ముందే సాధన చేసుకున్న వరసలో విసురుతాడు. 2021 మార్చిలో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో జాక్ విల్సన్ ఎడమవైపు పరిగెడుతూ, ఒళ్ళు మెలితిప్పి, మైదానం అవతలి చివరకు ఒక బంతి విసిరాడు. ఆ వీడియో ఊరంతా తిరిగింది. న్యూయార్క్ జెట్స్ రెండో స్థానంలో తీసుకుంది. మూడేళ్ళకు డెన్వర్‌కి పంపేసింది. ఆ వీడియో మళ్ళీ చూడండి, చాలా అందంగా ఉంటుంది. అందులో ఎదురుగా ఒక్క డిఫెండర్ కూడా లేడు.

బుర్ర కొలిచే పరీక్షలదీ ఇదే కథ. 12 నిమిషాల్లో 50 ప్రశ్నల వండర్లిక్ పరీక్షను 2022 నుంచి కాంబైన్‌లో ఆపేశారు. ఆ స్థానంలో కంప్యూటర్ మీద చూపు, స్పందన కొలిచే ఎస్2 పరీక్ష పాపులర్ అయింది. 2023లో సి.జె. స్ట్రౌడ్‌కి అందులో చాలా తక్కువ మార్కులు వచ్చాయని డ్రాఫ్ట్‌కి ముందు బయటకు పొక్కింది. అదే ఏడాది అఫెన్స్‌లో ఉత్తమ కొత్త ఆటగాడు స్ట్రౌడే.

వీటన్నిటిలో నాకు కొంచెం నమ్మకం ఉన్నది బోర్డు ముందు నిలబెట్టడం మీద. ఒక కోచ్ కుర్రాడికి తమ జట్టు ఆట ఒకటి నేర్పిస్తాడు. ఊరు, అమ్మానాన్నల గురించి మాట్లాడతాడు. పావుగంట తర్వాత 'ఇందాకటిది మళ్ళీ గీసి చూపించు' అంటాడు. తర్వాత కుర్రాడు ఆడిన మ్యాచ్‌లోంచే ఒక ఇంటర్‌సెప్షన్ (విసిరిన బంతిని ఎదుటివాడు పట్టేయడం) టేప్ వేసి 'ఏమైంది?' అంటాడు. 'రిసీవర్ తప్పు దారిలో వెళ్ళాడు' అనేవాడూ, 'సేఫ్టీ నన్ను బుట్టలో వేశాడు, నా కళ్ళే చెప్పేశాయి' అనేవాడూ ఒకటి కాదు.

ఒకే ఇంట్లో రెండు లెక్కలు

శాన్ ఫ్రాన్సిస్కో 49ఎర్స్ 2021లో పన్నెండో స్థానం నుంచి మూడో స్థానానికి ఎగబాకడానికి ఆ ఏటిదీ, తర్వాతి రెండేళ్ళదీ మొత్తం మూడు మొదటి రౌండు ఎంపికలు ధారపోసింది. తీసుకున్నది నార్త్ డకోటా స్టేట్ కుర్రాడు ట్రే లాన్స్‌ని. కొవిడ్ వల్ల 2020లో అతను ఆడింది ఒకే ఒక్క మ్యాచ్. బలం, వేగం, చేతి సత్తా చూసి మనసు పారేసుకున్నారు. 2022లో అదే జట్టు, అదే కోచ్ కైల్ షానహన్, డ్రాఫ్ట్‌లో అందరికంటే చివరి ఎంపికగా, 262వ స్థానంలో, అయోవా స్టేట్‌నుంచి బ్రాక్ పర్డీని తీసుకుంది. చివరివాణ్ణి అక్కడ ఏటా 'మిస్టర్ ఇర్రెలెవెంట్' అని ఆటపట్టిస్తారు, మన మాటలో అక్కరకురాని అయ్యగారు. లాన్స్ గాయపడ్డాడు, అతని బదులు ఆడుతున్నవాడూ గాయపడ్డాడు, పర్డీ మైదానంలోకి దిగాడు. 2023 ఆగస్టులో లాన్స్‌ని ఒక నాలుగో రౌండు ఎంపికకు డాలస్‌కి ఇచ్చేశారు. 2024 ఫిబ్రవరిలో పర్డీ సూపర్ బౌల్ ఆడాడు. 2025లో అతనితో 26.5 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకున్నారు.

పర్డీ చెయ్యి గొప్పది కాదు. అతను కాలేజీలో నాలుగేళ్ళు ఆడాడు, ప్రతి రకం డిఫెన్స్‌నీ చూశాడు, సమయానికి విసిరేవాడు. ఇవన్నీ అందరి రిపోర్టుల్లోనూ ఉన్నాయి. వాటికి వేసిన వెల మాత్రం అంతంతమాత్రం.

అయితే ఇక్కడే ఇంకో ముడి ఉంది. పర్డీ వేరే జట్టుకు వెళ్ళి ఉంటే? పిండి కొద్దీ రొట్టె అంటారు కదా. 2005లో మొదటి స్థానంలో ఇదే 49ఎర్స్‌కి వచ్చిన అలెక్స్ స్మిత్‌కి మొదటి కొన్నేళ్ళూ ఏటా ఒక కొత్త కోఆర్డినేటర్ (ఆటలు రూపొందించే సహాయ కోచ్), ఏటా ఒక కొత్త భాష. అదే డ్రాఫ్ట్‌లో 24 దాకా జారిన ఆరన్ రోజర్స్ గ్రీన్‌బేలో మూడేళ్ళు బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నాడు. ఆ తర్వాత నాలుగుసార్లు అత్యుత్తమ ఆటగాడు. 2002లో హ్యూస్టన్ మొదటి ఎంపిక డేవిడ్ కార్ మొదటి సీజన్లోనే 76 సార్లు శాక్ అయ్యాడు. అలా పడ్డవాడి మీద ఏ తీర్పు ఇచ్చినా అది సగమే నిజం.

శామ్ డార్నల్డ్ సంగతి మరీ విచిత్రం. 2018లో మూడో స్థానం. జెట్స్‌లో మూడేళ్ళు కిందామీదా పడ్డాడు, ఇంకో రెండు జట్లు తిరిగాడు, అందరూ మర్చిపోయారు. 2024లో మినెసోటాలో 14 మ్యాచులు గెలిపించి 35 టచ్‌డౌన్లు విసిరాడు. 2026 ఫిబ్రవరిలో సియాటిల్‌తో సూపర్ బౌల్ గెలిచాడు. మరి 2018 నాటి స్కౌట్ల అంచనా తప్పా, ఒప్పా? ఆరేళ్ళపాటు తప్పు, ఏడో ఏట ఒప్పు అనాలి. అంచనా వేస్తున్నది కుర్రాణ్ణి ఒక్కణ్ణే అనుకోవడంలోనే మెలిక ఉంది. నిజానికి అంచనా వేస్తున్నది ఒక కుర్రాడు, ఒక కోచ్, ఐదుగురి వరస, ఒక యజమాని ఓపిక, అన్నీ కలిసిన ముద్దని.

ఆర్థికవేత్తలు కేడ్ మాస్సీ, రిచర్డ్ థేలర్ డ్రాఫ్ట్ లెక్కలు తీసి ఏనాడో చెప్పారు. ఒక స్థానంలో తీసుకున్న ఆటగాడు, అదే పొజిషన్లో తర్వాత వచ్చినవాడికంటే మెరుగవుతాడన్న నమ్మకం నాణెం ఎగరేసినదానికంటే కొంచెమే ఎక్కువ. అయినా పైకి ఎగబాకడానికి జట్లు అడ్డగోలుగా ధర కడుతూనే ఉన్నాయి. థేలర్‌కి తర్వాత నోబెల్ కూడా వచ్చింది, జట్ల తీరు మాత్రం పెద్దగా మారలేదు. క్వార్టర్‌బ్యాక్ లేని జట్టుకు నాణెం ఎగరేయడం కూడా ఒక ఆశే.

మీరు శనివారం రాత్రి కాలేజీ మ్యాచ్ పెట్టుకుంటే ఒక పని చేసి చూడండి. స్కోరు మర్చిపోండి. మూడో డౌన్, ఏడు గజాలకు పైగా కావాల్సిన సందర్భాలు మాత్రమే చూడండి. అక్కడ ఎదుటివాళ్ళకి విసరబోతున్నాడని తెలుసు, కోచ్ వేసే తేలిక ఎత్తులు చెల్లవు. బంతి వదిలేసి కుర్రాడి హెల్మెట్ ఎటు తిరుగుతుందో చూడండి. ఒక్కవైపే అతుక్కుపోయిందా, రెండోవాడి దాకా వచ్చిందా? కాపు కూలినప్పుడు వెనక్కి పరిగెత్తాడా, ముందుకు జరిగాడా? ఇలాంటివి ఒక మ్యాచ్‌లో ఏడెనిమిదే దొరుకుతాయి. ఆ రాత్రి లబ్బక్‌లో మహోమ్స్ విసిరిన 88లో కూడా అంతే, పద్ధతి ఇచ్చిన గజాలన్నీ తీసేస్తే మిగిలేవి కొన్ని. వాటిలో అతను కుడికి పరిగెడుతూ ఎడమకు, వెనక్కి జారుతూ ముందుకు విసిరిన తీరు సైమన్స్ టేపుల్లో ఉండదు. తండ్రి బేస్‌బాల్ పిచర్, కొడుకు చిన్నప్పటినుంచి ఆ మైదానాల్లో తిరిగినవాడు. ఎయిర్ రెయిడ్‌కీ ఆ చేతికీ సంబంధం లేదు.

కాన్సస్ సిటీ జట్టులో బ్రెట్ వీచ్ ఆ టేపులు పట్టుకుని హెడ్ కోచ్ ఆండీ రీడ్ వెంటపడ్డాడు. 27వ స్థానంలో ఉన్న జట్టు పదికి ఎగబాకింది. తీసుకున్నాక మొదటి ఏడాదంతా దాదాపు బెంచీ మీదే కూర్చోబెట్టారు. అతని ముందు ఆడుతూ, పక్కన కూర్చుని నేర్పించినవాడు అలెక్స్ స్మిత్.

ఆ పదో స్థానాన్ని అమ్ముకున్న జట్టు బఫలో. మరుసటి ఏడాది వాళ్ళే ఏడో స్థానంలో 56 శాతం జోష్ ఆలెన్‌ని తీసుకున్నారు. 2021 నుంచి 2025 మధ్య ఈ రెండు జట్లూ జనవరి నాకౌట్లలో నాలుగుసార్లు తలపడ్డాయి. నాలుగుసార్లూ కాన్సస్ సిటీయే గెలిచింది, చివరి మూడుసార్లూ చాలా కొద్ది తేడాతో: ఆరు పాయింట్లు, మూడు, మళ్ళీ మూడు.